అత్తయ్య తొమ్మిది నెలల్లో 6 కిలోలు తగ్గారు. వయసు వల్లా, పోషకాహార లోపమా?

బ్రాడీపేట కోడలు, గుంటూరు

మా అత్తయ్యకు 68 ఏళ్లు, ఎత్తు 150 సెం.మీ. సంక్రాంతికి 47 కిలోలున్నారు, ఈ దసరాకి 41. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. పొద్దున, పరగడుపున గ్యాస్ మాత్ర ఒకటి వేసుకుంటారు. మూడు నెలల షుగరు పరీక్షలో 6.1 వచ్చింది. జ్వరం, దగ్గు లేవు.

తినేది ఇదీ: పొద్దున రెండు ఇడ్లీలు కారప్పొడితో. మధ్యాహ్నం చిన్న గిన్నెడు చారన్నం, చివర్లో మజ్జిగ. నాలుగింటికి టీ, రెండు బిస్కట్లు. రాత్రికి ఒక పుల్కా, కాస్త కూర. నోరు మండుతోందని కూరలు సగం పక్కన పెట్టేస్తారు. కట్టుడు పళ్లు వదులయ్యాయి. మాంసం మానేశారు, గుడ్డు తింటారు.

చుట్టాలేమో వయసు మీద పడితే అంతేలే అంటున్నారు. వీధిలో ఆర్‌ఎంపీ గారు రెండు సెలైన్లు పెడితే బలం వస్తుందన్నారు. ఇది పోషకాహార లోపమేనని ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి? షుగరు పెరగకుండా బరువు పెంచడం కుదురుతుందా?

డైటీషియన్, విజయవాడ

వయసు ఒక్కదాని వల్ల ఇంత తగ్గరండి. 47లో 6 అంటే దాదాపు 13 శాతం. తగ్గాలనుకోకుండానే ఆరు నెలల్లో 5 శాతం దాటి తగ్గినా, అంతకన్నా ఎక్కువ కాలంలో 10 శాతం దాటినా, దాంతోపాటు తిండి తగ్గి ఉంటే పోషకాహార లోపం కిందే లెక్క. బీఎంఐకి, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్కకి, 41ని 1.5తో రెండుసార్లు భాగించండి, 18.2 వస్తుంది. మన ఆసియా వాళ్లలో 70 ఏళ్ల లోపు 18.5 కన్నా, 70 దాటాక 20 కన్నా తక్కువుంటే లోపమే. మీ అత్తగారు రెండు విధాలా గీత దాటారు. ఒకటి గుర్తుంచుకోండి: 80 కిలోల మనిషి ఆపరేషన్ తర్వాత నాలుగు నెలల్లో 70కి పడిపోతే అదీ ఇదే జబ్బు. ఇంకా బొద్దుగానే కనిపిస్తారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

బరువు మిషన్ లేనివాళ్లకి, నడుం వంగి ఎత్తు సరిగా రానివాళ్లకి టైలర్ టేపు చాలు. రెండు చేతులూ బార చాపించి ఈ చేతి మధ్యవేలి కొస నుంచి ఆ చేతి మధ్యవేలి కొస దాకా కొలవండి. వయసులో ఉన్నప్పటి ఎత్తుకి అది దగ్గరగా ఉంటుంది. జబ్బ కొలతకి ఎడమ మోచెయ్యి మడిపించి, భుజం ఎముక కొసకీ మోచేతి కొసకీ నడిమధ్య పెన్నుతో గుర్తు పెట్టి, చెయ్యి కిందికి వదిలేయించి టేపు చుట్టండి. బిగించకూడదు. 23.5 సెం.మీ. లోపు వస్తే బీఎంఐ 20 లోపే ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత పిక్క. కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకి ఆనించి, బాగా లావుగా ఉన్నచోట కొలవండి. 31 సెం.మీ. లోపు వస్తే కండ కరిగిందనే అర్థం. పాదాలకి నీరు చేరితే పిక్క కొలతా తప్పే, బరువూ తప్పే. లోపల కండ పోతున్నా మిషన్ మీద అంకె కదలదు. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి చూడండి, గుంట నిలబడిందంటే నీరుంది.

కొలతలు లేకుండా కనబడేవీ ఉన్నాయి. గాజులు మోచేతి దాకా జారడం, జాకెట్లకి రెండేసి కుట్లు వేయించాల్సి రావడం, కణతలు లోపలికి పోవడం, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ గుంటపడటం. ఆవిడని చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి, మీరు పక్కనే నిలబడండి. 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్లలో సత్తువ తగ్గిందన్నమాట.

ఇప్పుడు తిండి లెక్క. మీరు రాసినదంతా కలిపితే 650 నుంచి 700 కేలరీలు, ప్రోటీన్ 18 గ్రాముల చుట్టూ. 41 కిలోల మనిషికి కిలోకి 30 నుంచి 35 కేలరీల చొప్పున 1230 నుంచి 1430 కావాలి. ప్రోటీన్ కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 నుంచి 60. కడుపు నిండుతోంది, ఒంటికి మాత్రం సగమే అందుతోంది. చారులో మిరియం, చింతపండు, నీళ్లే. పల్చటి మజ్జిగలోనూ ప్రోటీన్ నామమాత్రం. "రెండు ముద్దలు ఎక్కువ తిను" అని బతిమాలితే ఇలాంటివాళ్లు తినలేరు. తినే ఆ చిన్న గిన్నెలోకే పప్పు, నెయ్యి, గుడ్డు, పాలపొడి ఎక్కించాలి. పట్టిక ఇస్తాను, ముందు డాక్టరు గారిని చూడనివ్వండి.

జనరల్ మెడిసిన్, గుంటూరు

నాకు 6.1 చూసి సంతోషం కలగలేదు, భయమేసింది. గ్లిమెపిరైడ్ తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. సగం తిండి తినే 68 ఏళ్ల మనిషికి తెల్లవారుజామున షుగరు 60కి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, అర్థంలేని మాటలు, పొద్దున లేపినా మత్తుగా ఉండటం వాటి గుర్తులు. ఇలా బలహీనపడ్డ పెద్దవాళ్లకి మూడు నెలల షుగరు 8 లోపు ఉంటే చాలు. మందు మీరంతట మీరు ఆపకండి, ఈ వారమే మీ డాక్టరుకి ఈ లెక్కలు చూపించి మోతాదు అడగండి. ఈలోగా గ్లూకోమీటరుతో పరగడుపున, భోజనమైన రెండు గంటలకి షుగరు రాసి పెట్టుకోండి.

మండే నోరు నన్ను బి12 వైపు లాగుతోంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినా, గ్యాస్ మాత్ర రోజూ వేసుకున్నా బి12 ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. పైగా మాంసం మానేశారు. నాలుక నున్నగా, ఎర్రగా ఉందా, పెదాల మూలలు చీలాయా, అరికాళ్లు తిమ్మిరిగా ఉన్నాయా చూడండి. మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలిని కూడా చంపుతుంది.

చేయించాల్సిన పరీక్షలు: కణాల సైజుతో సహా రక్తపరీక్ష, బి12, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రే. దగ్గు లేకపోయినా ఎక్స్‌రే ఎందుకంటే షుగరున్నవాళ్లలో టీబీ ఎక్కువ, పెద్దవాళ్లలో అది గుట్టుగా ఉంటుంది. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ చూసి పోషణ తేల్చకండి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే బాగా తినేవాళ్లకీ అది పడిపోతుంది, తిండి లేక చిక్కినవాళ్లకి మామూలుగానే ఉండొచ్చు. మింగేటప్పుడు ముద్ద అడ్డుపడటం, నల్లటి విరేచనం, కొత్తగా వచ్చిన మలబద్ధకం ఉంటే చెప్పండి, వాటి దారి వేరు.

సెలైన్ సంగతి. అర లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, 100 కేలరీలు కూడా రావు. ప్రోటీన్ సున్నా. ఉప్పు సెలైన్‌లో అసలు కేలరీలే లేవు. వాంతులు, విరేచనాలతో నీరు పోయినవాళ్లకి అది ప్రాణం పోస్తుంది, కరిగిన కండని మాత్రం తేలేదు. రెండు సీసాల డబ్బుతో నెల రోజుల గుడ్లు కొనండి.

తిండి పెంచడం నెమ్మదిగా జరగాలి. చాలాకాలం అరకొరగా తిన్నవాళ్లకి ఒక్కసారిగా పెద్ద భోజనం, ముఖ్యంగా తీపి, గంజి, గ్లూకోజు పెడితే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియంని కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పొచ్చు, కాళ్లకి నీరు, ఆయాసం, కండరాల నీరసం రావచ్చు. బి1 కూడా ఖర్చయిపోతుంది. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో పాలిష్ బియ్యం తినేవాళ్లలో బెరిబెరి వచ్చింది ఈ బి1 లేకే. బియ్యం నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోసే ఇళ్లల్లో ఇప్పటికీ అది తక్కువే అందుతుంది. మీ అత్తగారు కొంతైనా తింటున్నారు కాబట్టి ఇంట్లోనే పెంచొచ్చు. మూడు రోజులకోసారి 150 నుంచి 200 కేలరీలు, అంతకు మించి వద్దు.

బ్రాడీపేట కోడలు, గుంటూరు

ఇద్దరికీ నమస్కారాలండి. పరీక్షలొచ్చాయి. హిమోగ్లోబిన్ 10.1, కణాల సైజు 104, బి12 142. క్రియాటినిన్ 0.9, ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం, థైరాయిడ్ సరిగ్గానే ఉన్నాయి. ఎక్స్‌రే బాగుంది. జబ్బ 21.5, పిక్క 29, పాదాలకి నీరు లేదు. గ్లిమెపిరైడ్ ఆపించారు. ఇక పట్టిక చెప్పండి. ప్రోటీన్ పౌడరు డబ్బా కొనాలా? పప్పు, గుడ్లు ఎక్కువైతే కిడ్నీకి చెరుపంటున్నారు, నిజమేనా?

జనరల్ మెడిసిన్, గుంటూరు

బి12 దొరికింది. ఈ లోటు తిండితో పూడదు. మొదట 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు దగ్గర దగ్గరగా, తర్వాత నెలకొకటి మీ డాక్టరు రాస్తారు. రెండు మూడు వారాల్లో నాలుక మంట తగ్గుతుంది, అప్పుడు తిండి దానంతటదే పెరుగుతుంది. రక్తం తక్కువని షాపులో ఫోలిక్ యాసిడ్ ఒక్కటీ కొని వేయకండి. రక్తం అంకె బాగుపడుతుంది గానీ లోపల నరాల దెబ్బ సాగుతూనే ఉంటుంది. ఇంకో మాట: బి12 లోపం వల్ల రక్తం తగ్గినప్పుడు ఎర్రకణాలు పాతబడి మూడు నెలల షుగరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అంటే ఆ 6.1 కన్నా అసలు షుగరు ఇంకా తక్కువే ఉండి ఉంటుంది. మందు ఆపించి మంచి పని చేశారు.

క్రియాటినిన్ మామూలు హద్దులోనే ఉంది. 55 గ్రాముల ప్రోటీన్ పెట్టొచ్చు. కండ తక్కువున్నవాళ్లలో క్రియాటినిన్ తక్కువే చూపిస్తుంది కాబట్టి మూడు నెలలకోసారి చూస్తూ ఉండండి. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఈ పట్టిక పాటించకూడదు, వాళ్ల లెక్క వేరు.

డైటీషియన్, విజయవాడ

డబ్బా అక్కర్లేదు. కొనాలనిపిస్తే వెనక రాసినది చదవండి, మాల్ట్ పొడుల్లో చాలావాటిలో 100 గ్రాములకి ప్రోటీన్ 10 గ్రాముల చుట్టూనే, మిగతాదాంట్లో చక్కెరే ఎక్కువ. పుట్నాలపప్పులో 22 ఉంది, వెన్న తీసిన పాలపొడిలో 35.

పొడి ఇంట్లో చేయండి. పుట్నాలపప్పు అర కిలో, వేరుశనగ గుళ్లు పావుకిలో, నువ్వులు 100 గ్రాములు, వెన్న తీసిన పాలపొడి 200 గ్రాములు. గుళ్లు సన్నసెగ మీద వేయించి పొట్టు ఊదేయండి, నువ్వులు చిటపటలాడగానే దించండి. పూర్తిగా చల్లారాకే మిక్సీ. ముందు పుట్నాలు మెత్తగా కొట్టి, సగం పొడి జారులోనే ఉంచి అందులో గుళ్లు, నువ్వులు వేసి ఆపి ఆపి తిప్పండి. ఒకే తిప్పుడు తిప్పితే నూనె వదిలి ముద్దైపోతుంది. పాలపొడి మిక్సీలో వేయకండి, చివర్లో జల్లించి కలపండి, వేడి మీద కలిపితే ఉండలు కడుతుంది. బెల్లం వద్దు. మూత గట్టి డబ్బాలో మూడు వారాల్లో వాడేయండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఒక్క గుల్ల కూడా వేయొద్దు, ఆ బూజు విషం కాలేయానికి హాని, వేయించినా పోదు. 30 గ్రాములకి, అంటే మూడు నిండు చెంచాలకి, 130 కేలరీలు, ఏడున్నర గ్రాముల ప్రోటీన్ వస్తాయి.

చివరికి చేరాల్సిన పట్టిక ఇది. పొద్దున 40 గ్రాముల పెసలతో ఒక మెత్తటి పెసరట్టు, చెంచా నూనెతో, అల్లం తక్కువగా. పదిన్నరకి 150 మి.లీ. గేదె పాలలో 30 గ్రాముల పొడి. మధ్యాహ్నం 50 గ్రాముల బియ్యం మెత్తగా వండి, 30 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, రెండు చెంచాల నెయ్యి, కారం లేని కూర, చివర్లో 100 గ్రాముల గట్టి పెరుగు. నాలుగున్నరకి ఉడికించిన గుడ్డు. రాత్రి ఒక పుల్కా పాలలో నానబెట్టో, కాస్త అన్నమో, గుడ్డు పొరటుతో, చివర పెరుగు. మొత్తం 1330 కేలరీలు, 55 గ్రాముల ప్రోటీన్.

మొదటి రోజే ఇదంతా పెట్టకండి. మొదటి మూడు రోజులు ఇప్పుడు తింటున్నదానికే రెండు చెంచాల నెయ్యి, మజ్జిగ బదులు గట్టి పెరుగు చేర్చండి. తర్వాత పాలలో 15 గ్రాముల పొడి, ఆపైన ముద్దపప్పు, అటుపైన గుడ్డు. కడుపు ఉబ్బితే పప్పు పూర్తిగా ఉడకలేదనో, పొడి ఒకేసారి పెంచారనో అర్థం. పాలు పడకపోతే పొడిని పెరుగులో కలపండి. నెయ్యికీ, గుడ్డుకీ షుగరు పెద్దగా పెరగదు. అన్నం, పుల్కా, పాలు ఒకే పూట కుక్కకుండా విడదీస్తే చాలు. టీ మాత్రం భోజనానికి గంట అటూ ఇటూ ఉంచండి, అది ఇనుముని పట్టనివ్వదు. నిమ్మరసం పప్పులో పిండితే ఆ ఇనుము బాగా పడుతుంది.

సంరక్షణ నర్సు, తాడేపల్లి

పట్టిక బాగుంది గానీ నోటి దగ్గర ఆగిపోతుంది, అది చూసుకోండి. గుంటూరు ఇళ్లల్లో కారప్పొడి, ఆవకాయ, గోంగూర లేకుండా ముద్ద దిగదు. పూసిన నోటికి అవి మంట, అవి లేకపోతే పెద్దవాళ్లకి రుచి ఉండదు, చివరికి మజ్జిగన్నంతో లేచిపోతారు. నాలుక మానేదాకా జీలకర్ర, ఇంగువ, కొత్తిమీర, వేయించిన వెల్లుల్లితో తాలింపు పెట్టండి. తినేది గోరువెచ్చగా ఉండాలి, పొగలు కక్కకూడదు.

బరువు తగ్గితే చిగుళ్లూ కుంచించుకుపోతాయి, అందుకే పళ్లసెట్టు వదులవుతుంది. వదులైతే నమలలేరు, నమలలేక ఇంకా తగ్గుతారు. పళ్ల డాక్టరు లోపల కొత్త పొర వేసి బిగుతు చేస్తారు, కొత్త సెట్టు అక్కర్లేకపోవచ్చు. అప్పటిదాకా గుడ్డు తురిమి అన్నంలో కలపండి. రాత్రి సెట్టు తీసి నీళ్లలో పెట్టాలి.

నీళ్లు తాగేటప్పుడు దగ్గొస్తోందా, తిన్నాక గొంతు తడిగా గరగరలాడుతోందా గమనించండి. ఉంటే ఆస్పత్రిలో చూపించేదాకా పల్చటివి పట్టకండి. ఎవరికైనా నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. భోజనానికి ముందు గ్లాసుడు నీళ్లు తాగిస్తే ఆ పూట పోయినట్టే, నీళ్లు రెండు భోజనాలకి మధ్య వేళలో ఇవ్వండి. ఒక్కరే గదిలో తినే పెద్దావిడ పక్కన ఎవరైనా కూర్చుంటే నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు.

వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున బాత్రూముకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండరు మీద రాయండి. వారానికి పావు నుంచి అర కిలో పెరగడం మంచిది. రెండు మూడు రోజుల్లో కిలో పెరిగితే అది నీరు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం రోజూ రెండు పూటలా చేయించండి. కదలని ఒంటికి ఎంత పప్పు పెట్టినా కండ పట్టదు, కొవ్వే పడుతుంది.

కృష్ణలంక వాసి

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా అన్నయ్యకు 44 ఏళ్లు, మందు అలవాటు. ఎనిమిది రోజులుగా తిండి దాదాపు లేదు, రోజూ తాగుడే. కాళ్లు వాచాయి, నిన్నటి నుంచి నడక తూలుతోంది, మాట తేడాగా ఉంది. ఈ పొడి పాలలో కలిపి పట్టొచ్చా?

జనరల్ మెడిసిన్, గుంటూరు

పట్టకండి. ఈ రోజే, ఇప్పుడే 108కి ఫోన్ చేసి విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. తాగే మనిషి తూలుతుంటే, మాట తేడాగా ఉంటే మత్తని వదిలేయకూడదు, బి1 లేక మెదడు దెబ్బతింటున్న గుర్తు కావచ్చు. అక్కడ చేరగానే "ఎనిమిది రోజులుగా తిండి లేదు, రోజూ తాగుతారు" అని డాక్టరుకి మీ నోటితో చెప్పండి. గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి, ముందు గ్లూకోజు వెళితే పరిస్థితి విషమించవచ్చు. దారిలో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ పెట్టించకండి, గ్లూకోజు పొడి నీళ్లు, పళ్లరసం పట్టకండి. ఇంటి దగ్గర తాగుడు ఒక్కసారిగా మాన్పించడం కూడా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. ఆస్పత్రిలో మందులతో మాన్పిస్తారు. తిండి కూడా అక్కడే, మామూలుగా కావలసినదాంట్లో సగంతోనో, ఇంకా తక్కువతోనో మొదలుపెట్టి, రోజూ ఫాస్ఫరస్, పొటాషియం చూస్తూ పెంచుతారు.

ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు గానీ, సాయంత్రం జ్వరం గానీ ఉంటే కళ్లె పరీక్ష అడగండి, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. టీబీ అని తేలితే నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స జరిగినన్నాళ్లు నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, ఆధార్, పాస్‌బుక్ వెంట తీసుకెళ్లండి.